సొంతింటికి చుట్టంలా వెళ్లడం ఎలా?

డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం నాన్న ఫోన్ చేస్తారు. "ఎప్పుడొస్తున్నావురా?" అంటారు. తేదీ మాత్రం చెప్పకండి. తేదీ చెప్పినవాడు ఆ తేదీకి వెళ్లాల్సి ఉంటుంది. "చూడాలి నాన్నా, ఇరవయ్యో తారీకున రిలీజుంది" అనండి. ఆయనకి తెలిసిన రిలీజులన్నీ సంక్రాంతి సినిమాలవే కాబట్టి ఎదురు ప్రశ్న రాదు. "సరే, నీ పని చూసుకో" అని ఫోన్ అమ్మకిస్తారు. అమ్మ "కజ్జికాయలు ఎన్ని చెయ్యమంటావు?" అంటుంది. చాలామంది ఇక్కడే జారిపోతారు. "ఎందుకమ్మా అవన్నీ, ఎవరు తింటారు" అని ఖరాకండిగా చెప్పేయండి. ఆవిడ ఎలాగూ చేస్తుంది. చెయ్యొద్దన్న మాట మీ ఖాతాలో ఉండాలి.

గుంటూరు, బాపట్ల, కృష్ణా, గోదావరి జిల్లాల పల్లెల నుంచి వచ్చి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న క్రైస్తవ కుటుంబాల పిల్లల కోసం ఈ సలహాలు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకి సలహాలు అక్కర్లేదు. ప్రత్యేక రైళ్లంటారు, ప్రత్యేక బస్సులంటారు, టోల్‌గేటు దగ్గర టీవీవాళ్లు కెమెరాలు పెట్టుకుని కూర్చుంటారు, ఊరు ఊరంతా తోసుకుంటూ ఇంటికి తీసుకుపోతుంది. క్రిస్మస్‌కి అంత హడావిడి లేదు. మన పండక్కి మన ప్రయాణాన్ని మనమే చెడగొట్టుకోవాలి. దానికి కాస్త ముందుచూపు కావాలి.

టికెట్టు సంగతి

రైల్వేవాళ్లు 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువుని 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు. ఇదివరకు ఆగస్టులోనే క్రిస్మస్ గురించి ఆలోచించాల్సి వచ్చేది. ఆ బాధ తప్పింది. ఇప్పుడు డిసెంబరు 24 ప్రయాణానికి అక్టోబరు 25 పొద్దున ఎనిమిదింటికి బుకింగు తెరుస్తారు. ఆ పొద్దున హాయిగా నిద్రపోండి. పొరపాటున మెలకువ వచ్చి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరికిందా, మధ్యాహ్నం సికింద్రాబాదులో ఎక్కినవాళ్లు రాత్రికల్లా గుంటూరులో దిగిపోతారు. రేపల్లె డెల్టాలో బెర్తు దొరికితే మరీ ప్రమాదం. రాత్రి పడుకున్న మనిషిని తెల్లారేసరికి తెనాలి దాటించి ఊరి పొలిమేరల్లోకి తెచ్చేస్తుంది. గోదావరి జిల్లాలవాళ్లకి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్, గౌతమి ఎక్స్‌ప్రెస్ కూడా ఇలాంటి పనే చేస్తాయి. ఇంత తేలిగ్గా చేరిపోతే ఇక ఇంటికెళ్లి చెప్పుకోడానికి ఏం మిగులుతుంది?

మీరు నమ్ముకోవాల్సింది తత్కాల్‌ని. ప్రయాణానికి ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపరుకి పదకొండింటికి తెరుస్తారు. 2025 జూలై నుంచి ఆధార్‌తో సరిచూసిన ఖాతా ఉంటేనే ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్టు ఇస్తున్నారు. ఆ సరిచూసుకోవడం ముందే చేసిపెట్టుకునేవాళ్లు కొందరుంటారు, వాళ్లతో మనకి పోలిక వద్దు. సరిగ్గా తొమ్మిదీ యాభై తొమ్మిదికి మొదలుపెట్టండి. ఓటీపీ మీ పాత నంబరుకి వెళ్తుంది. ఆ నంబరు మీ తమ్ముడి దగ్గరుంటుంది. వాడు స్నానానికి వెళ్లి ఉంటాడు.

చివరికి వెయిటింగ్ లిస్టు వస్తుంది కదా, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇంటి గ్రూపులో పెట్టండి. ఖాయమైన టికెట్టుకన్నా దీనికే విలువెక్కువ. ఖాయమైన టికెట్టుతో వెళ్లినవాణ్ని ఎవరూ మెచ్చుకోరు. వెయిటింగ్ లిస్టువాణ్ని "పాపం, ఎంత ప్రయత్నించాడో" అని పిన్ని దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా తలుచుకుంటారు. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగులోనే ఉండిపోయిన ఆన్‌లైన్ టికెట్టు దానంతటదే రద్దయి డబ్బులు వెనక్కొచ్చేస్తాయి. మంచిపేరు మాత్రం రద్దవదు.

ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఒక మార్గం చెబుతాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఎల్బీనగర్‌లో ఎక్కి, బస్సు మీద బస్సు మారుతూ, పైసా ఖర్చు లేకుండా తెనాలి చేరవచ్చని లెక్క వేసుకోండి. ఏ రాష్ట్రంవాళ్లకి ఆ రాష్ట్రంలోనే ఈ వసతి, ఒక ఆధార్ కార్డు మీద రెండు రాష్ట్రాల చిరునామాలు ఉండవు అనే చిన్న చిక్కుంది. దాన్ని కోదాడ దాటాక చూసుకోవచ్చు.

రోడ్డు

కారున్నవాళ్లకి ఇన్ని తంటాలు లేవు. హైదరాబాదు నుంచి విజయవాడకి 65వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 275 కిలోమీటర్లు. బయల్దేరడానికి మంచి సమయం 24 సాయంత్రం ఆరు. ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లే ఊరంతా మీతోపాటు ఎల్బీనగర్ వైపే వస్తుంది, తోడుంటుంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర మూడు టోల్‌ప్లాజాలు. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో పంతంగి గేటు కింద నిలబడి చూసుకోండి. వెనకున్నవాళ్లు హారన్లు కొడుతూ మీకు క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతారు.

సూర్యాపేటలో ఆగడం తప్పనిసరి. ఆకలి వేయకపోయినా ఆగాలి. అక్కడ ఆగకుండా విజయవాడ వెళ్లిన తెలుగువాడి గురించి నేనింతవరకూ వినలేదు. దిగాక బిర్యానీ కూడా తినేయండి. ఇంటి దగ్గర అమ్మ రాత్రి పన్నెండింటికి అన్నం వేడిచేసి పెట్టినప్పుడు "దార్లో తినేశా" అనే అవకాశం అలా వస్తుంది.

ప్రైవేటు బస్సులవాళ్లు ఎక్కేచోటు ఎంచుకోమంటారు. మియాపూర్‌లో ఉండేవాళ్లు ఎల్బీనగర్, ఎల్బీనగర్‌లో ఉండేవాళ్లు మియాపూర్ ఎంచుకోవడం నా సిఫారసు. ఊరు మొత్తం తిరిగి చూసినట్టుంటుంది. పండగవేళ టికెట్టు ధర ఎంత పెరిగిందో కొన్న రోజు నుంచి ఇంట్లో చెబుతూ ఉండండి. బస్సు దిగినప్పుడు ఒకసారి, భోజనాల దగ్గర ఒకసారి. మీ రాక ఎంత విలువైందో వాళ్లకి అంకెల్లో తెలియాలి.

ఆలస్యమైపోతోందని తాతయ్య ఫోన్ చేస్తే మాత్రం జాగ్రత్తగా మాట్లాడండి. చాలామంది తెలివిగా ఉంటుందనుకుని లూకా సువార్త రెండో అధ్యాయం ఎత్తుతారు. మొదటి క్రిస్మస్ కూడా సొంతూరి ప్రయాణమే కదా తాతయ్యా, అగస్టస్ సీజరు జనాభా లెక్కలకి ఎవరి ఊరికి వాళ్లని వెళ్లమంటే యోసేపు నజరేతు నుంచి బేత్లెహేముకి బయల్దేరాడు కదా, ఆయన మాత్రం ముందే గది చూసుకున్నాడా, సత్రంలో చోటు దొరికిందా అని. మీ వాదన బాగానే ఉంటుంది. కాకపోతే తాతయ్య యాభై ఏళ్లుగా ఆ అధ్యాయం మీద ప్రసంగాలు వింటున్న మనిషి. "ఆయన నిండు చూలాలిని వెంటబెట్టుకుని వెళ్లాడురా. నీ పక్కన ఎవరున్నారు, చిప్సు పొట్లమా?" అంటారు. ఆయన లూథరన్ అయి, మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పినవారైతే అంతటితో వదలరు. మిషనరీ హెయ్యర్ దొర 1841లో అమెరికాలో ఓడెక్కి, కొలంబోలో దిగి, 1842 జూలై ఆఖరికి గుంటూరు చేరిన సంగతి మొదలవుతుంది. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్లని, ఆ తర్వాత డెబ్భై ఆరేళ్ల వయసులో కూడా మళ్లీ ఈ దేశానికి వచ్చాడని చెప్పి, "నువ్వు ఉప్పల్ నుంచి రాలేకపోతున్నావు" అని ముగిస్తారు. కాబట్టి తాతయ్యతో బైబిలూ చరిత్రా వద్దు. "సిగ్నల్ కట్ అవుతోంది" చాలు.

ఏ రోజు చేరాలి

రాత్రికి రాత్రే చేరిపోయే కారువాళ్లని పక్కనపెడితే, నా లెక్కలో 25వ తేదీ పొద్దున పదకొండు గంటలు దివ్యమైన ముహూర్తం. అప్పటికి ఆరాధన ముగిసి ఉంటుంది, బిర్యానీ ఇంకా దించి ఉండరు. కాళ్లు కడుక్కుని కూర్చుంటే విస్తరి మీ ముందుకే వస్తుంది. అంతకన్నా ముందు వెళ్తే ఏమవుతుందో అర్థం కావాలంటే అక్కడ ఏం జరుగుతూ ఉంటుందో చెప్పాలి.

పల్లెలో క్రిస్మస్ ఒక్కరోజు పండగ కాదు, నెల్రోజుల పని. నవంబరు ఆఖర్లో చర్చికి సున్నం వేయించడానికి చందాల పుస్తకం బయల్దేరుతుంది. డిసెంబరు రాగానే ఇళ్ల మీద నక్షత్రాలు లేస్తాయి. ఒకప్పుడు వెదురు బద్దలు చీల్చి, అయిదు కొమ్ములు కట్టి, మైదాపిండి ఉడికించిన బంకతో రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు వేలాడదీసేవాళ్లు. మంచుకి తడిసి కాగితం ఊడితే మర్నాడు మళ్లీ అంటించేవాళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్ నక్షత్రాలూ ఎల్‌ఈడీ దీపాలూ వచ్చాయి గానీ, దాన్ని వాసానికి కట్టి పైకి లేపాల్సింది మాత్రం మనుషులే. ఎదురింటివాళ్ల నక్షత్రం కన్నా మనది ఒక మూరైనా ఎత్తుండాలన్నది మీ నాన్న పట్టుదల. అరవై దాటిన మనిషి నిచ్చెన ఎక్కుతుంటే కింద పట్టుకోడానికి ఒకరు ఉండాలి. ఆ ఒకరు మీరు కాకుండా ఉండాలంటే ఆ రోజుల్లో ఊళ్లో ఉండకూడదు. కావాలంటే మీ వంతుగా ఖరీదైన నక్షత్రం ఒకటి ఆన్‌లైన్లో పంపించండి. డెలివరీ కుర్రాడు ఊరి చివర మర్రిచెట్టు దగ్గర నిలబడి ఓటీపీ అడుగుతుంటే, ఆ ఓటీపీ హైదరాబాదులో మీ ఫోన్లో ఉంటే, మీరు మీటింగులో ఉంటే, పండగ వాతావరణం దానంతటదే వస్తుంది.

22నో 23నో పిండివంటలు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. వసారాలో చాపలు వేసి అమ్మ, పిన్ని, మేనత్త, తన పీట తనే తెచ్చుకున్న పక్కింటావిడ చుట్టూ కూర్చుంటారు. ఒకరు పిండి ముద్దలు చేస్తారు, ఒకరు పూరీలు వత్తుతారు, ఒకరు కొబ్బరి లౌజు నింపి అంచులు నొక్కుతారు. గులాబీ పువ్వుల దగ్గరికి కొత్తవాళ్లని రానివ్వరు. అచ్చు సరిగా కాలకపోతే పిండి అంటుకోదు, ఎక్కువ కాలితే అంటుకున్నది ఊడిరాదు. ఆ కాక తెలిసింది ఇంట్లో ఒక్క నాయనమ్మకే, ఆవిడకిప్పుడు చెయ్యి వణుకుతోంది. ఎవరో ఒకరు నేర్చుకోవాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నారు.

చూడ్డానికి ఇది వంట. ఏడాది మొత్తానికి ఆ ఇంటి వార్తలు చదివేది కూడా ఆ మూకుడు పక్కనే. అక్క సంబంధం ఎందుకు తప్పిపోయింది, బాబాయి ఎకరం ఎందుకు అమ్మేశాడు, మేనత్తా పెద్దమ్మా ఎప్పట్నుంచి మాట్లాడుకోవడంలేదు, నాన్న గుంటూరు ఆస్పత్రికి ఎన్నిసార్లు వెళ్లొచ్చి "వాడికి చెప్పకండి" అన్నారు. ఇవేవీ వాట్సాప్ గ్రూపులో రావు. అక్కడికి శుభోదయాలూ వాక్యాలూ మాత్రమే వస్తాయి. ఆ చాప మీద ఒక్క గంట కూర్చున్నా మీకు అన్నీ తెలిసిపోతాయి. తెలిశాక ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. అందుకే పదేపదే చెబుతున్నాను, 25, పదకొండు గంటలు.

24 రాత్రి క్యారల్స్. యూత్ కుర్రాళ్లు డోలక్ పట్టుకుని, అందరికన్నా సన్నంగా ఉన్నవాడికి క్రిస్మస్ తాత వేషం వేసి, ఇంటింటికీ తిరుగుతారు. సినిమా బాణీల పాటలతో మొదలుపెట్టినా, పెద్దవాళ్లున్న ఇంటి ముందు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోకి రావాల్సిందే. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు రాసిన పాటలు అర్ధరాత్రి పల్లె వీధిలో గొంతులు బొంగురుపోయేలా పాడుతుంటారు. ప్రతి ఇంట్లో టీ, ప్రతి ఇంట్లో ప్రార్థన, ప్రతి ఇంట్లో కానుక. మీ ఇంటికొచ్చేసరికి రెండు దాటుతుంది. నాన్న కానుక కవరు జేబులో పెట్టుకుని, వరండాలో లైటు ఆర్పకుండా, నిద్ర రావట్లేదని అబద్ధం చెబుతూ కూర్చునుంటారు. మీరు గనక అక్కడుంటే ఆ గుంపులో ఎవడో ఒకడు గుర్తుపట్టి "సండే స్కూలు డ్రామాలో సాంబ్రాణి తెచ్చిన జ్ఞాని వీడేరా" అని చెయ్యి పట్టి లాగుతాడు. మిగతా ఇళ్లన్నీ వాళ్లతో తిరగాలి. మూడున్నరకి మైకు లేస్తుంది, నాలుగున్నరకి ఆరాధన. చన్నీళ్ల స్నానం. ఇదంతా మనవల్ల అయ్యే పనేనా?

పట్టుకెళ్లేవి

బట్టలు తప్పకుండా కొనండి. నాన్నకి మీ కొలతతో చొక్కా తీసుకుంటే మళ్లీ మీకే పనికొస్తుంది. అమ్మకి చీర కొనేటప్పుడు రంగు అడక్కండి. ముప్పై ఏళ్లుగా ఆవిడ క్రిస్మస్‌కి తెల్లచీరే కట్టుకుంటోందన్న సంగతి మీకు అమ్మ ఫొటోలన్నీ తిరగేస్తే తెలుస్తుంది, తిరగేయకండి. అయ్యగారికి పంచెల చాపు, అమ్మగారికి చీర పెట్టడం ఇంటి ఆనవాయితీ అయితే దాన్ని గూగుల్‌పే చేసి సరిపెట్టొచ్చు. పాస్టరుగారి నంబరుకి అయిదు వందలు పంపి, కింద కేకు బొమ్మ పెట్టండి.

ప్లమ్ కేకు ఒకటి కొని, బస్సు డిక్కీలో అన్నిటికన్నా అడుగున పెట్టించండి. పైన ఎవరిదో బియ్యం బస్తా వచ్చి కూర్చుంటుంది. అమ్మ దాన్ని చూసి "బాగానే ఉందిరా, రుచి ఎక్కడికి పోతుంది" అని చెంచాతో అందరికీ పంచుతుంది. మీరు మాత్రం ముట్టుకోకండి. డిసెంబరు మొదటి వారం నుంచీ మీకు ఆఫీసులో ఒక సెమీ క్రిస్మస్, అపార్ట్‌మెంటులో ఒకటి, స్నేహితుల చర్చిలో ఒకటి అయ్యాయి. మూడుచోట్లా కేకు తిన్నారు. అసలు క్రిస్మస్ రోజున అమ్మ చేతిలో ముక్క చూసి "షుగర్ మానేశానమ్మా" అనడానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదు.

ఇంట్లో ఉన్న కాసేపు

అడుగుపెట్టగానే చార్జరు పెట్టే చోటు అడగండి. వందనాలు తర్వాత చెప్పుకోవచ్చు. సిగ్నలు డాబా మీద తప్ప రాదు కాబట్టి డాబా మీదే ఉండండి. ఎవరైనా పైకొస్తే చూపుడువేలు పెదవుల మీద పెట్టండి, కాల్‌లో ఉన్నట్టు.

భోజనంలో ఒక చిన్న ఇబ్బంది ఎదురవుతుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి మేకని కోసి వాటాలు వేసుకున్నప్పుడు నాయనమ్మ మీకోసం కార్జం పక్కన పెట్టించి ఉంటుంది. మీకు చిన్నప్పుడు ఇష్టమని. విస్తట్లో వేయగానే కొలెస్ట్రాల్ గురించి ఒక వీడియో చూపించండి. నాయనమ్మకి చదవడం రాకపోయినా వీడియో చూడగలదు.

పెళ్లి గురించి అడిగితే జీతం గురించి చెప్పండి, జీతం గురించి అడిగితే ట్రాఫిక్ గురించి చెప్పండి. మావయ్య ఆన్‌సైట్ గురించి అడుగుతాడు. ఆయన కొడుకు వెళ్లాడు కాబట్టి అడుగుతున్నాడు, సమాధానం ఆయనకి అక్కర్లేదు.

సాయంత్రం పళ్లేల పని తగులుతుంది. దీన్నుంచి తప్పించుకోవడం కష్టమే. పక్కింటికి, ఎదురింటికి, రోడ్డవతల కిరాణాకొట్టాయనకి పిండివంటలు పళ్లెంలో సర్ది, మీద గుడ్డ కప్పి పంపుతారు. వాళ్లలో సగంమంది హిందువులు. సంక్రాంతికి అదే పళ్లెంలో అరిసెలు తిరిగొస్తాయి. ఖాళీ పళ్లెం వెనక్కి పంపడం రెండువైపులా లేదు. ఈ రాకపోకలు మీ తాతయ్య పుట్టకముందు నుంచీ ఉన్నాయి. పళ్లెం మోసే పని మీకు చెబితే వెళ్లండి, పర్వాలేదు. కిరాణాకొట్టాయన కళ్లజోడు సర్దుకుని "ఎవరబ్బాయివి బాబూ?" అని అడిగితే మన పద్ధతి ఫలిస్తున్నట్టే.

రెండిళ్లవాళ్లు, దూరదేశాలవాళ్లు

కొత్తగా పెళ్లైనవాళ్లకి రెండు క్రిస్మస్‌లు. అబ్బాయిది లూథరన్ ఊరు, అమ్మాయిది ఫిరంగిపురం కేథలిక్ కుటుంబం అనుకోండి. అక్కడ 24 అర్ధరాత్రి పూజ, ఇక్కడ 25 తెల్లవారుజామున ఆరాధన. మధ్యలో ఉన్నది ఒక గంట ప్రయాణమే కాబట్టి రెండూ అందుకోవచ్చు, నిజానికి ఎంతోమంది అందుకుంటున్నారు కూడా. మీరు మాత్రం ఈ యేడు ఎవరింటికని అక్టోబరు నుంచీ వాదించుకుని, ఇద్దరి మాటా నెగ్గకుండా గోవా వెళ్లండి. పెద్దలిద్దరూ మొదటిసారి ఒకే మాట మీదికొస్తారు.

డల్లాస్‌లో ఉన్నవాళ్లకి పని చాలా తేలిక. ఇక్కడ 25 తెల్లవారుజాము నాలుగున్నరకి ఆరాధన మొదలయ్యేసరికి అక్కడ 24 సాయంత్రం అయిదు. వీడియో కాల్ చేసి, అమ్మని చర్చిలో ఫోన్ పైకెత్తి పట్టుకోమనండి. గంటన్నర ఆరాధనా ఆవిడ చెయ్యి దించకుండా నిలబడుతుంది. మీరు మ్యూట్‌లో పెట్టి వంట చేసుకోవచ్చు.

కువైట్‌లో పనిచేసేవాళ్లకి నా దగ్గర సలహాలు లేవు. అక్కడ క్రిస్మస్‌కి ప్రభుత్వ సెలవు లేదు. రెండేళ్లకోసారి దొరికే సెలవుని పోగుచేసుకుని డిసెంబరుకి కలుపుకుని వస్తారు వాళ్లు. వచ్చి నక్షత్రం కడతారు, సున్నాలు వేస్తారు, పిల్లల డ్రామాకి తెరలు కడతారు, వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక గానీ కదలరు. వాళ్లని చూసి మన అమ్మానాన్నలు మనల్ని పోల్చడం మొదలుపెడతారు. ఊళ్లో వాళ్లున్నంతసేపూ డాబా దిగకండి.

టికెట్టు అసలే దొరకని మహానుభావులు మెదక్ వెళ్లండి. హైదరాబాదుకి వంద కిలోమీటర్లలోపే. మిషనరీ పోస్నెట్ దొర కరవుకాలంలో జనానికి పని చూపించి అన్నం పెట్టడానికి కట్టించాడని చెప్పే ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. వందేళ్లు దాటినా రంగుటద్దాల మీద వెలుగు అలాగే పడుతుంది. క్రిస్మస్‌నాడు లోపలికి అడుగుపెట్టడానికే వరసలో నిలబడాలి. ఎక్కడెక్కడి పల్లెల నుంచో కుటుంబాలు చద్దిమూటలు కట్టుకుని, ముసలివాళ్లని పట్టుకుని నడిపించుకుంటూ వస్తాయి. ఆవరణలో చెట్ల కింద కూర్చుని తింటారు. వాళ్ల మధ్య నిలబడి ఒక సెల్ఫీ తీసుకుని "మిస్సింగ్ హోమ్" అని పెట్టండి. అమ్మ కింద గుండె బొమ్మ పెడుతుంది. నాన్న ఇంకా ఆ గుర్తులు నేర్చుకోలేదు.

తిరుగు ప్రయాణం

తెలంగాణలో డిసెంబరు 26 కూడా సాధారణ సెలవే. ఆంధ్రలో అది ఐచ్ఛిక సెలవు. ఈ తేడా మీకు తెలుసు, ఇంట్లో తెలియదు. కాబట్టి 25 రాత్రి బస్సుకే తిరుగు టికెట్టు చేసుకోండి. రానుపోను టికెట్లలో ముందు చేసుకోవాల్సింది ఇదే. రావడానికి దొరక్కపోయినా పోవడానికి దొరకాలి.

సాయంత్రం ఆరు నుంచీ సంచులు నిండుతుంటాయి. కజ్జికాయల డబ్బా, గులాబీ పువ్వుల డబ్బా, గోంగూర పచ్చడి, నెయ్యి, చేలో పండిన బియ్యం ఇరవై కిలోలు. "ఇవన్నీ హైదరాబాదులో దొరుకుతాయమ్మా" అని ప్రతి డబ్బాకీ ఒకసారి అనండి. తర్వాత అన్నీ పట్టుకెళ్లండి. స్టీలు డబ్బాలు తిరిగి ఇవ్వక్కర్లేదు. మీ ఫ్లాటులో అయిదేళ్ల డబ్బాలున్నాయి, అమ్మ ఏటా కొత్తవి కొంటోంది. గులాబీ పువ్వులు దార్లోనే నలిగిపోతాయి. ఈసారి సగం మరీ గట్టిగా వచ్చి ఉంటాయి, అచ్చు నాయనమ్మ పట్టలేదు.

బస్టాండుకి నాన్న బండి మీద దింపుతారు. బియ్యం బస్తా ముందు పెట్టుకుని, మిమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుని. బస్సు వచ్చేదాకా ఉంటారు. కండక్టరుతో మీ సీటు గురించి మాట్లాడతారు, నీళ్ల సీసా కొనిస్తారు, కిటికీ దగ్గర నిలబడి "సంక్రాంతికి వస్తావా? బళ్లకి సెలవులు, అక్క పిల్లలు కూడా వస్తారు" అంటారు.

"లీవులన్నీ క్రిస్మస్‌కే అయిపోయాయి నాన్నా" అనండి. బస్సు కదిలాకే అనండి. ఆయన స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవారైతే, బస్సు ఇంకా అక్కడే ఉంటే, వేళ్లు మడిచి చూసుకుంటారు.